గూడకు అవతలి పక్క

కోనప్పకు ప్రశాంతత కావాలి. దానికోసమే ఇల్లూ వాకిలీ వదిలి పెన్న ఒడ్డున అయ్యవారి మఠంలో చేరాడు. తీరా వచ్చి చూస్తే అక్కడ అన్నీ ఉన్నాయి గానీ అదొక్కటే లేదు.

మఠమా అది, సంతా? పొద్దున లేస్తే మజ్జిగ కోసం ఒకరు, తగువు తీర్చమని ఇంకొకరు. వీళ్ళంతా ఒకెత్తు, దస్తగిరి ఒక్కడే ఒకెత్తు. మఠం పక్క చేను అతనిదే. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, మనిషి మంచివాడే, నోరే ఊరుకోదు. కోనప్ప కళ్ళు మూసుకుని కూర్చునే వేళకు సరిగ్గా గట్టెక్కి, మేనమామ పెళ్ళికి పోతూ దారిలో బండెద్దు తప్పిపోయిన కథ మొదలుపెడతాడు. ఎద్దు కట్టు తెంపుకునే చోటికి వచ్చేసరికి కోనప్పకు ఒళ్ళు మండి, లేచి తలుపు వేసుకునేవాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస.

చివరికి ఒకనాడు బట్టలు మూటగట్టుకుని గురువు ముందు నిలబడ్డాడు.

"అయ్యవారూ, కొండమీద గుహకు పోతాను. ఇక్కడ నాకు మనసు నిలవడం లేదు. సెలవిప్పించండి."

ముసలాయన చిక్కుడు తీగకు పందిరి కడుతున్నాడు. తల తిప్పలేదు.

"పో నాయనా, నేనెందుకు వద్దంటాను? కాకపోతే నారుమడి ఎండుతోంది. దస్తగిరి కొడుకు అత్తగారి ఊరికి పోయాడట, గూడ వెయ్యడానికి రెండో మనిషి లేడు. ఆ తడి కాస్తా పెట్టి పో."

ఆ నారు పోతే మఠంలోనూ, దస్తగిరి ఇంట్లోనూ ఆ ఏడు పొయ్యిలో పిల్లి లేవదు. కోనప్ప మూట గడప దగ్గర పెట్టి కుంటవైపు నడిచాడు.

గూడ అంటే వెదురుబద్దలతో అల్లిన వెడల్పాటి బుట్ట. అటు రెండు తాళ్ళు, ఇటు రెండు తాళ్ళు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకేసారి వంగి నీళ్ళలో ముంచి, ఒకేసారి లేచి, ఆ ఊపుతోనే పై కాలువలో కుమ్మరించాలి.

కోనప్ప ఉన్న బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజాడు. గూడ అడ్డం తిరిగి, నీళ్ళన్నీ దస్తగిరి నెత్తిన పడ్డాయి.

"పొద్దున్నే స్నానం చేశాను సామీ," అన్నాడు దస్తగిరి గడ్డం పిండుకుంటూ.

తొందరగా ముగించి కొండెక్కాలని కోనప్ప ఆరాటం. ఎంత గట్టిగా లాగితే అంతగా ఒలికిపోతోంది. అతనికి ఉక్రోషం వచ్చింది. దస్తగిరికి మాత్రం ఏ తొందరా లేదు. "మా మేనమామ పెళ్ళికి పోతున్నాం సామీ..." అని ఎత్తుకున్నాడు.

ఇక్కడ వేసుకోవడానికి తలుపు లేదు. ఉన్న రెండు చేతుల్లోనూ తాళ్ళున్నాయి. వినక తప్పలేదు. ఒక మాటకు వంగడం, ఒక మాటకు లేవడం. కాసేపటికి గూడ దానంతటదే మునిగి, దానంతటదే లేస్తున్నట్టుంది. నీళ్ళు గలగలమంటూ కాలువ పట్టాయి. ఊపు ఎప్పుడు కుదిరిందో కోనప్ప గమనించనే లేదు.

ఎద్దు కట్టు తెంపుకుంది. కోనప్పకు ఒళ్ళు మండలేదు. ఎద్దు ఎవరిదో జొన్నచేలో పడింది. చేనుగలాయన దాన్ని తోలుకుపోయాడు. అంతలో దస్తగిరికి దగ్గు అడ్డం పడింది.

"ఆ తర్వాత?" అన్నాడు కోనప్ప.

అన్నాక తనకే ఆశ్చర్యమేసింది.

మధ్యాహ్నం దస్తగిరి భార్య సంగటి తట్ట దించింది. పక్క చేలో కలుపు తీసే ఆడవాళ్ళు వచ్చారు, అయ్యవారూ వచ్చి గట్టున చతికిలబడ్డాడు. ఊరిబిండి పచ్చడి కారానికి కోనప్ప కళ్ళలో నీళ్ళు తిరిగితే అందరూ నవ్వారు, తనూ నవ్వాడు. భుజాలు పీకుతున్నాయి, అరచేతులు బొబ్బలెక్కాయి, ప్రాణం మాత్రం హాయిగా ఉంది. అంత తృప్తిగా తిని ఎన్నాళ్ళయిందో. ఆ గోలలోనే, కూర్చున్నచోటే, కునుకు పట్టేసింది.

పొద్దు వాలేసరికి మడి తడిసింది. ఎద్దు ఇంకా దొరకలేదు.

"అవతలి మడీ, మిగతా కథా రేపు సామీ," అని దస్తగిరి ఇంటిదారి పట్టాడు.

కోనప్ప కాళ్ళు కడుక్కుని మఠానికి వచ్చాడు. గడప దగ్గర మూట అలాగే ఉంది. దాని పక్కన ఎవరో గూడను తెచ్చి పెట్టారు, తాళ్ళతో సహా.

"ఇదెందుకు అయ్యవారూ?"

"నేనే తెచ్చాను నాయనా. గుహ దగ్గర గుంటలో నీళ్ళు బాగా కిందికి ఉంటాయి. నీకు గూడ వెయ్యడం వచ్చింది కదా, పట్టుకుపో."

కోనప్ప వంగి తన వైపు తాళ్ళు రెండూ చేతిలోకి తీసుకున్నాడు. అవతలి తాళ్ళు నేలమీద పడి ఉన్నాయి. వాటివంక చాలాసేపు చూశాడు. గురువు చిక్కుడు పందిరి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎండెక్కకముందే దస్తగిరి కుంట దగ్గరికి వచ్చాడు. అప్పటికే కోనప్ప గూడ నీళ్ళలోకి దించి, తన వైపు తాళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఇంతకీ ఆ ఎద్దు దొరికిందా?" అన్నాడు.