తీగ మీద కాగితం ముక్క

జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ హైమవతి చెవులు రెండూ మూటగట్టుకుపోయింది. ఆస్పత్రిలో యంత్రం తగిలించి, వినికిడి ఎన్ని డెసిబెల్స్ తగ్గిందో గీత గీసి చూపించారు. లారీ వచ్చి ఒళ్ళో కూర్చుంటే తప్ప ఆ పిల్లకు హారన్ వినపడదు.

మర్నాడే తంబురా ఎత్తుకొని, సంగీతం నేర్పే బాబయ్య మాస్టారి దగ్గరికి వచ్చింది. ఆయన మాట మాత్రం ఆమెకు వినపడేది. ఆయన మామూలుగా పిలిస్తేనే పొరుగు జిల్లావాళ్ళు పలికేవారు మరి.

"మీరిచ్చిందే. తీసేసుకోండి మాస్టారూ."

"ఏం, బరువైందా?"

"శ్రుతి తెలియడం లేదు. ఇక పాటేం పాడతాను?"

"శ్రుతి చెయ్యి, చూస్తాను."

తంబురాలో నడిమి తీగలు రెండూ ఒకేలా పలకాలి. వినపడటం లేదని హైమవతి వాటిని ఎంత గట్టిగా మీటిందంటే, ఇంటి పెంకులు నాలుగు జరిగాయి.

"దాన్నెందుకే కొడతావు, అదేం చేసింది?" అన్నారు మాస్టారు.

గోడ కేలండర్లో నిన్నటి తేదీ చింపి, చిన్న ముక్క మడిచి, రెండో తీగ మీద గుర్రమెక్కించినట్టు కూర్చోబెట్టారు.

"మొదటిది మీటు."

గట్టిగా మీటింది. కాగితం అలకపాన్పు ఎక్కిన అల్లుడిలా కదల్లేదు.

మాస్టారు మొదటి తీగ కింద, శ్రుతి సరిచేసే పూస చూపించారు. హైమవతి దాన్ని నువ్వుగింజలో సగమంత జరిపి, ఈసారి మెల్లగా మీటింది. కాగితం వణికింది. ఇంకాస్త జరిపింది. కాగితం ఎగిరి మాస్టారి కాఫీలో పడింది.

"రెండోదాన్ని నేను ముట్టలేదే!"

"ఆ తీగ తంబురా చెక్కను ఊపింది. చెక్క దీన్ని ఊపింది."

"ఇందాక అంత గట్టిగా మీటితే కదల్లేదేం?"

"ఉయ్యాలని దాని ఊపు చూసి తోస్తావా, నీ బలం చూసి తోస్తావా?"

హైమవతి పూసను తనే పక్కకి నెట్టి శ్రుతి చెడగొట్టింది. కేలండర్లోంచి ఇంకో ముక్క చింపి తీగ మీద పెట్టి, మళ్ళీ కలిపింది. ఎగిరింది. మళ్ళీ చెడగొట్టింది. మాస్టారి కాఫీ చల్లారి, పెరుగులా తోడుకుంది. ఆ పిల్ల తల ఎత్తితేనా?

పొద్దు వాలాక తంబురా భుజానికెత్తుకొని గడప దాటబోయి, ఎందుకొచ్చిందో అప్పుడు గుర్తొచ్చి ఆగింది.

"మాస్టారూ, ఇది..."

"రేపు వచ్చేటప్పుడు కాగితం నువ్వే తెచ్చుకో," అన్నారాయన గోడకేసి చూస్తూ. "ఇంకా రాని రోజులు కూడా చింపేశావు."