పిలుపు తెలియని తెల్ల పిల్లలు

ఓడలు ఆగే రేవుకు దగ్గర్లో ఒక తాటితోపు ఉంది. ఆ తోపులో తుమ్మముళ్ళ కంచె వేసిన కోళ్ళదొడ్డి ఉంది. నేల మీద నక్క రాకుండా కంచె కాపాడేది గానీ, ఆకాశంలో తిరిగే గద్దకు కంచె అడ్డమా? అందుకని అక్కడి పెట్టలు తరతరాలుగా ఒక పద్ధతి పాటించేవి. పొదిగినన్నాళ్ళూ అవి కడుపు కింది గుడ్లతో మాట్లాడేవి. గద్ద నీడ పడితే గొంతు తగ్గించి "కుర్ర్ర్" అని హెచ్చరించేవి. పెంకులో ఉండగానే పిల్లల చెవికి ఆ పిలుపు అలవాటయ్యేది. పుట్టాక అది వినబడితే చాలు, ఎక్కడి పిల్లలు అక్కడినుంచి తల్లి రెక్కల కిందికి దూరేవి.

పొదగడం తేలిక పని కాదు. తిండి తగ్గుతుంది, ఒళ్ళు కాగుతుంది, ఈకలు రాలతాయి. ఆ ఏడు మచ్చల ఈకల పొడలపెట్ట అలా గుడ్ల మీద కూర్చుని ఉండగా, కంచె అవతల నక్క నిలబడింది.

"అయ్యో చెల్లెమ్మా, ఎంత చిక్కిపోయావు!"

పొడలపెట్ట ఈకలు నిక్కబొడుచుకున్నాయి. "అక్కడే ఉండు. ఏం కావాలో అక్కడినుంచే చెప్పు."

"నాకేం కావాలి? నేనిప్పుడు వేట మానేశాను. రేవులో వ్యాపారం. ఇదిగో చూడు." నక్క ఒక బుట్ట ముందుకు తోసింది. అందులో దూది ఉండల్లాంటి తెల్ల కోడిపిల్లలు కిచకిచమంటున్నాయి. "దూరదేశం సరుకు. పొదగక్కర్లేదు, కాగక్కర్లేదు. బుట్టెడు గుడ్లివ్వు, బుట్టెడు పిల్లల్ని తీసుకో."

దొడ్డికి పెద్దగా చలామణి అయ్యే అబ్రాసుపుంజు బంగారు మెడ సాచి చూసింది. "భలే ఉన్నాయే! లోకమంతా ఒకటైపోతుంటే మన పెట్టలింకా గంపల్లో కూలబడి ఉంటే ఎలా? నక్కబావా, ఆ మూల బుట్ట పట్టేలా, నువ్వు పట్టకుండా సందు చేస్తాం. బుట్టలు తోసెయ్."

మూలనున్న ముసలి సీమకోడి, అదే టర్కీకోడి, మెడ కింది ఎర్రతిత్తి ఊపుకుంటూ వచ్చింది. "పిల్లలొస్తే రానివ్వండ్రా. మా తాత కూడా ఓడ దిగి వచ్చినవాడే. మీరు పొడుచుకు తినే మొక్కజొన్న కూడా ఓడ మీద వచ్చిందే. కానీ గుడ్లన్నీ ఎందుకివ్వాలి? నక్క గుడ్లు ఏం చేసుకుంటుంది?"

"ఓడెక్కిస్తాను తాతా," అంది నక్క. "మీ గుడ్లంటే అక్కడ పడి చస్తారు."

పెట్టలు పొంగిపోయాయి. "మన గుడ్లకంత పేరుందటే!" అని ఒకదాన్నొకటి పొడుచుకుని నవ్వుకుంటూ గుడ్ల మీంచి లేచాయి.

పొడలపెట్ట మాత్రం లేవలేదు.

"ఏమే పొడలా, నువ్వొక్కదానివే పాతకాలంలో ఉండిపోతావా?" అంది అబ్రాసుపుంజు.

ఆ మాట తగిలింది. ఒళ్ళు నొప్పులు కూడా తోడయ్యాయి. పొడలపెట్ట లేచింది. గుడ్లను బుట్టలోకి దొర్లిస్తుంటే ఒక గుడ్డు లోపలినుంచి టక్కుమని తట్టింది. దాని గుండె ఝల్లుమంది. అయినా నలుగురిలో చులకనవుతానన్న సిగ్గు ఆ గుండెను నొక్కేసింది. గుడ్లు చల్లారకముందే బుట్ట కదిలిపోయింది.

తెల్ల పిల్లలు గింజలు తిని గుండ్రంగా బలిశాయి. పెట్టలు వాటిని ముద్దుగానే చూసుకున్నాయి. పొదగడమన్న మాటే దొడ్డిలో వినిపించకుండా పోయింది.

ఒక మధ్యాహ్నం ఎండలో ఒక నీడ జారింది.

"కుర్ర్ర్!" అని అరిచి పొడలపెట్ట రెక్కలు విప్పింది.

ఒక్క పిల్లా రాలేదు. తెల్ల పిల్లలన్నీ నిలబడ్డచోటే నిలబడి మెడలెత్తి పైకి చూశాయి. పొడలపెట్ట గొంతు చించుకుంది. గద్ద తాపీగా దిగి, నచ్చినదాన్ని ఎంచుకుని ఎగిరిపోయింది. మిగిలినవి మళ్ళీ గింజలు ఏరుకుంటున్నాయి.

గద్ద మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. చివరికి తాటాకు ఊగినా పెట్టలు గంపల చాటుకు పరుగెత్తేవి. భయం ముదిరాక అది కోపమైంది.

"ఈ పరాయి పీడ వల్లే గద్ద మరిగింది!" అని రంకె వేసింది అబ్రాసుపుంజు. వాటికోసం సందు చేయించింది తానేనన్న సంగతి అప్పటికే మరిచింది. "తోలెయ్యండి బయటికి! ఆ సీమకోడిని కూడా! అదీ ఓడ దిగిన జాతే కదా!"

"నేనీ దొడ్డిలో పుట్టానురా," అంది సీమకోడి.

కంచె అవతలినుంచి ఒక జాలిగొంతు వినబడింది. "మీ బాధ నాకు తెలుసు బావా. నేను మొదట్నించీ మీవాడినే. సందులోంచి తోలెయ్యండి, ఓడ దగ్గరికి నేనే చేరుస్తాను."

పెట్టలు కసిగా పొడిచి కొన్ని పిల్లల్ని బయటికి తరిమాయి. పొడలపెట్ట చెవి రిక్కించింది. తాటిమాను వెనక ఒక కీచు పుట్టి సగంలో తెగిపోయింది. తర్వాత ఎముక విరిగిన చప్పుడు.

అప్పుడు దానికి తెలిసింది, తన గుడ్లు ఏ ఓడా ఎక్కలేదని. పరుగెత్తి వెళ్ళి సందుకు అడ్డంగా నిలబడింది.

"తప్పుకో పొడలా!"

"తప్పుకోను. బుద్ధి లేదటే మీకు? మన గుడ్లు తిన్నది ఈ నక్కే. గుప్పెడు దూది ఇచ్చి, మన గింజలతో మేపించి, బలిశాక మనచేతే తోలించుకుంటోంది. మనం రమ్మన్నా దానికి విందే, పొమ్మన్నా దానికి విందే!"

"మరి ఇవి పిలిస్తే రావేం?" అందొక పెట్ట ఏడుస్తూ.

"ఎవరు నేర్పారని వస్తాయి? నేర్పాల్సింది మనం. మనం లేచిపోయాం. అందరికంటే ముందు నేను తలదించుకోవాలి. పెంకు తడుతున్న బిడ్డను ఇచ్చేశాను."

కంచె అవతల నక్క మూతి నాక్కుంటున్న చప్పుడు వినబడింది. పెట్టలు ఒక్కొక్కటే వచ్చి ముళ్ళు లాగి సందు మూశాయి.

ఆ రోజునుంచి సీమకోడి గద్ద వేషం కట్టింది. రెండు రెక్కలూ చాచి పిల్లల మీదుగా నీడ పడేలా పరుగెత్తేది. పొడలపెట్ట "కుర్ర్ర్" అనేది. రాని పిల్లను ముక్కుతో పొడిచి రెక్క కిందికి ఈడ్చేది. నేర్చుకునేలోపు గద్ద ఇంకొన్నిటిని ఎత్తుకుపోయింది. మిగిలినవి నేర్చుకున్నాయి. ఒకనాడు గద్ద దిగేసరికి దొడ్డిలో ఉబ్బిన రెక్కలే తప్ప తెల్ల ఈక ఒక్కటీ కనబడలేదు.

మళ్ళీ గుడ్ల కాలం వచ్చింది. నక్క కంచె దగ్గరికొచ్చింది. దాని డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి.

"చెల్లెమ్మా, ఈసారి పసుపు రంగువి తెచ్చాను."

"తెస్తే పెంచుతాం. గుడ్లు మాత్రం ఇవ్వం."

"ఊరికే ఎలా ఇస్తాను?"

"అయితే నీ బుట్ట నువ్వే పొదుగు."

నక్క ఖాళీ నోటితో తిరిగిపోయింది. అబ్రాసుపుంజు "నేనప్పుడే చెప్పాను" అంటూ కూసింది. పొడలపెట్ట ఆ కూత పట్టించుకోలేదు. దాని కడుపు కింద ఒక గుడ్డు లోపలినుంచి టక్ టక్ అని తడుతోంది. అంతలో ఎండలో నీడ జారింది. పొడలపెట్ట గుడ్ల మీంచి లేవలేదు, మెల్లగా "కుర్ర్ర్" అంది.

పెంకులో తట్టడం ఆగిపోయింది. బిడ్డ విన్నది.

నీతి: బయటివాళ్ళు వచ్చినందుకు ఏ దొడ్డీ చెడదు, తన బిడ్డకు తాను నేర్పాల్సింది మానుకుంటేనే చెడుతుంది.