వీపు తిప్పి కూర్చున్న కోచ్

శేషారత్నం టీచరుగారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. ముందు ఒక పని చెబుతారు. ఆ పని ఎంత తిక్కగా ఉన్నా చేసి రావాల్సిందే, చేయనివాడితో ఆవిడ ఆ మాటే ఎత్తరు. తణుకు దగ్గర పుట్టి, మెల్‌బోర్న్ పడమటి శివారు బడుల్లో ముప్పయ్యేళ్లకు పైగా పిల్లల చేత ఆటలాడించి రిటైరైన మనిషి. ఆ చుట్టుపక్కల ఆటలు నేర్పే మనవాళ్లం చాలామందిమి ఆవిడ శిష్యులమే. నరహరి కూడా చిన్నప్పుడు పాలకొల్లు నుంచి వచ్చి ఆవిడ బళ్లోనే చదివాడు. ఇప్పుడు అక్కడి ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకు కోచ్.

అది మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు, కాలితో తన్నవచ్చు, పిడికిలితో గుద్ది తోటివాడికి అందించవచ్చు. అయితే బంతి చేతిలో ఉండగా ఎదుటి జట్టువాడు వెనకనుంచి వచ్చి ఒడిసిపట్టాడా, బంతి వాళ్ల పరమవుతుంది. ఆ సీజన్‌లో నరహరి జట్టు గెలుపు ముఖం చూడలేదు. అంతకు ముందటేడు క్లబ్బువాళ్లు పల్లెలన్నీ గాలించి డేల్ అనే కుర్రాణ్ణి తెచ్చుకున్నారు. గాలిలా పరుగెత్తుతాడు. మెల్‌బోర్న్‌లో ఒక ఉద్యోగం కూడా క్లబ్బే చూపించింది. ఆ భరోసా మీద భార్యనూ చంటిపిల్లనూ వెంటబెట్టుకుని ఊరు విడిచి వచ్చాడు. తీరా చూస్తే ప్రతి ఆటలోనూ వెనకనుంచి దొరికిపోతున్నాడు. తెచ్చిన కుర్రాడే పనికిరానివాడని సగం కమిటీ, ఆడించేవాడికే చేతకాదని మిగతా సగం. పై సోమవారం కాక ఆ పై సోమవారం మీటింగు. డేల్‌ను పంపించేసి ఇంకొకణ్ణి తెద్దామని అక్కడ చెప్పడానికి నరహరి సిద్ధమయ్యాడు. డేల్ వెళితే ఆ ఉద్యోగమూ పోతుంది. అది తెలుసు గనుకనే నిద్రపట్టక నరహరి టీచరుగారింటికి వెళ్లాడు.

"టీచరుగారూ, జట్టు ఓడిపోతుంటే తప్పు నేర్పేవాడిదాండి, ఏరి తెచ్చినవాళ్లదాండి?"

ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. తలెత్తకుండానే అన్నారు: "శనివారం ఆటకి నేనూ వత్తాను. రెండో క్వార్టరు మొత్తం నువ్వు ఆట చూడకూడదు. వీపు తిప్పి కూకో."

కోచ్ అనేవాడు ఆట మధ్యలో వీపు తిప్పి కూర్చోవడమా! అయినా ఎదురు చెప్పే ధైర్యం మాలో ఎవరికీ లేదు. శనివారం రెండో క్వార్టరు మొదలవుతుండగా జట్టును అసిస్టెంటుకు అప్పగించి, మడత కుర్చీ కార్ల వైపు తిప్పుకుని కూర్చున్నాడు. జనం ఒకళ్లనొకళ్లు పొడుచుకుని నవ్వారు. క్లబ్బు ప్రెసిడెంటు ముఖం కందగడ్డలా చేసుకుని అటూ ఇటూ తిరిగాడు. నరహరికి సిగ్గుతో చెవులు వేడెక్కాయట. టీచరుగారు మాత్రం పక్క కుర్చీలో ఆట వైపు తిరిగి, ఫ్లాస్కులోని టీ పోసుకుని హాయిగా తాగుతున్నారు.

"ఏం వినపడతందిరా?"

"అరుపులండి."

"ఏమని?"

నరహరి చెవి పెట్టి విన్నాడు. మైదానంలో ఏ మూలనుంచి విన్నా మన జట్టు నోట ఒకటే మాట: నాకు, నాకు, ఇటు, నాకు. అంతలో జనం ఉసూరుమన్నారు. చూడకపోయినా నరహరికి తెలిసిపోయింది, డేల్ దొరికిపోయాడు. దొరికే ముందు ఆ కుర్రాడికి వెనక మనిషి ఉన్నాడని చెప్పిన గొంతు ఒక్కటీ లేదు. కాసేపటికి మళ్లీ నాకు, నాకు. మళ్లీ ఉసూరు.

"వీపుకి కళ్లున్నోడు ఏ ఊళ్లోనన్నా దొరికితే సెప్పు," అన్నారు టీచరుగారు. "ఆణ్ణి తెచ్చుకుందాం."

మంగళవారం ప్రాక్టీసులో నరహరి ఒకే షరతు పెట్టాడు. ఎవరూ బంతి అడగకూడదు. బంతి ఉన్నవాడికి కనిపించనిది మాత్రం చెప్పాలి. అంతే, మైదానమంతా మూగనోము పట్టింది. అడగడం మానేస్తే వాళ్ల దగ్గర మాటే మిగల్లేదు మరి. బంతి ఉన్నవాడు ఎవరూ హెచ్చరించకుండా వెనకనుంచి దొరికితే ఆట ఆపించి, జట్టంతటి చేతా మైదానం చుట్టూ పరుగు పెట్టించాడు, వాళ్ల ముందు తనూ పరుగెత్తాడు. వాన మొదలైంది, బురద మోకాళ్లదాకా చిమ్మింది. కోచ్‌కు పిచ్చిపట్టిందని కెవిన్ అనే పాతకాపు పైకే గొణిగాడు. నరహరి విన్నాడు, విని మళ్లీ పరుగందుకున్నాడు. గురువారమూ అదే వరస. చీకటి పడబోతుండగా ఎవడో ఒకడు "వెనక!" అని అరిచాడు. అరిచింది డేల్. తనకోసం కాదు, బంతి పట్టుకుని వెళుతున్న కెవిన్ కోసం. కెవిన్ తప్పించుకుని, నిలబడి, ఆ కుర్రాణ్ణి కొత్తగా చూసినట్టు చూశాడట.

శనివారం ఆట ఆఖరి క్వార్టరు. బంతి డేల్ చేతికి వచ్చింది, ఇద్దరు అతని వెనక పడ్డారు. అవతలి కొసన గోలు కాస్తున్న కెవిన్ గొంతు చించుకున్నాడు: "డేల్, వెనక! ఎడమకి పో!" డేల్ తిరిగి చూడలేదు. ఎడమకు మళ్లాడు. పట్టుకోవడానికి వచ్చిన ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇక అతన్ని అందుకునే మొనగాడు ఆ మైదానంలో లేడు. అతను తన్నిన బంతి గోలు స్తంభాల మధ్యనుంచి దూసుకుపోతే నరహరికి కళ్లు చెమర్చాయి. ఆ మాట చెప్పుకోవడానికి వాడేమీ సిగ్గుపడడు. ఆట మాత్రం కొద్దిలో ఓడిపోయారు.

సోమవారం మీటింగులో ప్రెసిడెంటు సూటిగానే అడిగాడు. "మళ్లీ ఓడాం. ఎవర్ని పంపిద్దాం?"

"డేల్ ఉంటాడు," అన్నాడు నరహరి. "సీజన్ చివరిదాకా జట్టులో ఒక్కణ్ణి కూడా కదపనివ్వను. అప్పటికీ ఇలాగే ఉంటే నన్ను పంపించండి."

చాలాసేపు వాదించుకుని చివరికి సరేనన్నారు. కుర్చీ తిప్పుకుని కూర్చున్న కోచ్‌ను ఇంకా పరీక్షించడం దేనికని కొందరు లేచిపోయారు కూడా. నరహరి అవేవీ పట్టించుకోలేదు. అటునుంచి అటే టీచరుగారింటికి వచ్చాడు. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. వాడి ముఖం వెలిగిపోతోంది.

"నా ప్రశ్నకి జవాబు దొరికేసిందండి టీచరుగారూ. అంతా నేర్పడంలోనే ఉందండి. మనుషుల్ని ఏరి తేవడం, వెతకడం, అదంతా దండగండి."

శేషారత్నం టీచరుగారు వాడికేసి కాస్త జాలిగా చూశారు.

"అలాగా! మరి ఆ కుర్రోడికి ఆ పరుగు నేర్పింది నువ్వేనేంట్రా?"