పదిహేడో నంబరు అమ్మాయి జవాబు

తాయారమ్మగారిని ఎవరేది అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ముందు కళ్ళద్దాలు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకునేవారు. ముప్పై ఏళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక, తన వీధి అరుగు మీదే ఇద్దరు ముగ్గురికి మాట్లాడే ఇంగ్లీషు నేర్పుతుండేవారు.

ఆ రోజు సుగుణ ఒక్కతే వచ్చింది. సోమవారం నుంచి ఆమెకు కంటి ఆసుపత్రిలో, రోగుల పేర్లు రాసుకునే కౌంటరు దగ్గర ఉద్యోగం. వచ్చిన ప్రతివాళ్ళనీ "హౌ ఆర్ యూ?" అని పలకరించాలని అక్కడ నియమమట. సుగుణ ఆ మాట పెట్టి ఇరవై వాక్యాలు రాసి తెచ్చింది. ఒక్క తప్పు లేదు.

"అయినా భయంగానే ఉంది మేడం. అసలు ఈ మాట ఎలా అడిగితే సరిగ్గా అడిగినట్టు?"

తాయారమ్మగారు ఆ రోజు అద్దాలు చాలాసేపు తుడిచారు. తరవాత ఆవిడ చెప్పింది, పక్కింట్లో ఉండే నేనూ అక్కడే కూర్చుని విన్నాను. నాలోంచి జారిపోకముందే విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఒక శనివారం బడికి ఇన్‌స్పెక్షను వచ్చింది. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ఇదే ప్రశ్న వారం రోజులు వల్లె వేయించాను. నేను వరసగా 'హౌ ఆర్ యూ?' అనాలి. ఒక్కొక్కరే లేచి 'ఐ యామ్ ఫైన్, థాంక్యూ' అని కూర్చోవాలి. పదహారు మంది గడగడా చెప్పేశారు. పదిహేడో నంబరు పిల్ల లేచి, 'నాట్ ఫైన్, టీచర్' అంది."

సుగుణ ఫక్కున నవ్వింది. "ఇన్‌స్పెక్టరు ముందేనా!"

"క్లాసంతా నీలాగే నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. 'పుస్తకంలో ఎలా ఉందో అలా చెప్పు' అన్నాను. ఆ పిల్ల నోరు తెరిచి ఆగింది. ఆ పీరియడులో తెలుగు ముక్క వినపడితే బయట నిలబెడతానని ముందురోజే బెదిరించి ఉన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, 'ఐ యామ్ ఫైన్, థాంక్యూ' అంది. ఎంత చక్కగా పలికిందనుకున్నావు! 'వెరీ గుడ్' అన్నాను.

"సోమవారం ఆ పిల్ల రాలేదు. పక్క పిల్లని అడిగితే చెప్పింది. 'దాని అక్క పురిట్లో పోయింది కదా టీచర్. పసిగుడ్డుని సాకాలని దాన్ని బావకిచ్చి నిన్న పెళ్ళి చేసేశారు. వాళ్ళ నాన్నతో మాట్లాడమని మిమ్మల్ని అడుగుతానంది. అడగలేదా?'"

సుగుణ మొహంలో నవ్వు ఎప్పుడో పోయింది. "మరి మీరు వెళ్ళలేదా మేడం?"

"వెళ్ళాను. బిడ్డని భుజాన వేసుకుని పాలు చల్లారుస్తోంది. నన్ను చూడగానే, బళ్ళోలాగే నిటారుగా నిలబడింది. నేనింకా నోరు విప్పలేదు. 'ఐ యామ్ ఫైన్, థాంక్యూ, టీచర్' అంది."

సుగుణ నెమ్మదిగా అడిగింది. "ఆ అమ్మాయి పేరేమిటి మేడం?"

తాయారమ్మగారి పెదవులు కదిలాయి, ఆగాయి. అద్దాలు తీశారు గాని తుడవలేదు.

"ఎర్ర రిబ్బను కట్టుకొచ్చేది. ఎడంచేత్తో రాసేది. పదిహేడో నంబరు. పేరే... ఆర్నెల్లుగా జ్ఞాపకంలో వెతుక్కుంటున్నాను. దొరకడం లేదు."

సుగుణ వెళ్ళడానికి లేచింది. తాయారమ్మగారు వాక్యాల నోటుబుక్కు మూసి ఆమె చేతికిచ్చారు.

"వాక్యాలన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా. కౌంటరు ముందు, వచ్చినవాళ్ళు కూర్చుని జవాబు చెప్పుకోడానికి ఒక స్టూలు వేయించుకో. ఆ తరవాత అడుగు."