కనుమ అవ్వ కునుకు తీసిన తిరగలి

దక్షిణ కొరియా దేశపు తూర్పు కొండల నడుమ సొల్‌గోగే అనే చిన్న ఊరు ఉంది. అక్కడి భాషలో సొల్ అంటే సరళ వృక్షం, గోగే అంటే కొండ కనుమ. ఐదు రోజులకొకసారి జరిగే సంత వల్లనే ఈ ఊరు పేరుకెక్కింది. బస్సు దిగిన యాత్రికులకు ఇక్కడ మొదట కనిపించేది గోపురం కాదు, ఆవిరి. సంత వీధికి రెండు వైపులా పొయ్యిలే. ఒకచోట చేప ముద్దను పలుచగా మడిచి పుల్లలకు గుచ్చి చారులో ఉడికిస్తారు. ఇంకొకచోట వేలెడేసి బియ్యప్పిండి కడ్డీలు ఎర్రటి కారపు పులుసులో కుతకుతలాడుతుంటాయి. నల్ల చక్కెర పాకం నింపి కాల్చిన మెత్తటి రొట్టెలు కూడా ఉంటాయి. వాటిని ఆత్రంగా కొరికితే పాకం కారి గడ్డం కాలుతుంది. ఇది విన్నమాట కాదు, మా గడ్డమే సాక్షి.

అన్నిటికంటే ముఖ్యమైనది బిందెతొక్ అనే అట్టు. నానిన పెసరపప్పు రుబ్బి, అందులో పులిసిన కూరా మాంసమూ కలిపి, పంది కొవ్వు మీద దళసరిగా కాలుస్తారు. మన పెసరట్టుకు వేలు విడిచిన అక్క అనుకోవచ్చు. శాకాహారులు ముందే చెప్పాలి. చెప్పినా పెనం ఒక్కటే, ఆపైన మీ ఇష్టం.

ఈ తినుబండారాలన్నీ మిగతా సంతల్లో నిలబడి, నడుస్తూ తింటారు. సొల్‌గోగేలో మాత్రం కూర్చునే తినాలి. అందుకోసం వీధి చివర పొడవాటి రాళ్ళ అరుగు ఉంది. అరుగు మొదట్లో పాత రాతి తిరగలి ఒకటి కనిపిస్తుంది. దానిని ఎవరూ తిప్పరు. సూర్యుడు నడినెత్తికి రాగానే వీధిలోని పొయ్యిలన్నీ ఆర్పేస్తారు. అమ్మేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నడుం వాల్చి నిద్రపోతారు. ఇంత దూరం వచ్చాం, ఒక్క అట్టు వేసి పడుకోకూడదా అని మనవాళ్ళు కొందరు విసుక్కోవడం మేము చూశాం. విసుక్కోవద్దని మనవి. దీని వెనుక ఒక కథ ఉంది.

పూర్వం ఇక్కడ రాజుల కాలంలో మల్‌సున్ అనే ఇల్లాలు ఈ సంతలో అట్లు కాల్చి అమ్మేది. భర్త జ్వరంతో పోయాడు. అత్తగారు మంచం పట్టింది. రెక్కాడితే గాని డొక్కాడని సంసారం. సంత లేని రోజుల్లో పరాయి వాళ్ళ బట్టలు ఉతికేది. సంత రోజున కోడి కూయకముందే తిరగలిని ముక్కలుగా విడదీసి, వీపున కట్టుకొని కొండ దిగేది. మన తిరగళ్ళలో పొడి గింజలు వేస్తాం. అక్కడ నానిన పప్పు వేసి, నీళ్ళు చిలకరిస్తూ తిప్పుతారు. తిప్పీ తిప్పీ ఆమె కుడి భుజం ఎడమ దానికంటే కిందికి దిగిపోయింది. బోర్లించిన ఇనుప బాన మూతే ఆమెకు పెనం.

మల్‌సున్‌కు బంగారం మీద ఆశ లేదు, మళ్ళీ పెళ్ళి మీద ఆశ లేదు. ఆమె కోరిక ఒక్కటే, కంటినిండా నిద్ర. పెళ్ళయిన నాటి నుంచి ఆమె తనంతట తాను నిద్ర లేచిన రోజు లేదు. అత్తగారి దగ్గో, అప్పగించిన పనో, ఎవరో తలుపు తట్టడమో, ఏదో ఒకటి ఆమెను లేపుతూనే ఉండేది. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. మల్‌సున్ తిరగలి తిప్పుతూనే కునికేది.

ఆ సంతకు హ్వాంగ్ అనే పెద్ద ఉండేవాడు. చెడ్డవాడు కాడు, కాని కట్టుబాటంటే ప్రాణం పెట్టే మనిషి. అమ్ముకునే చోటు కోసం కాచుకొని కూర్చున్నవాళ్ళు చాలామంది కావడంతో ఆయన తాతల నాడే ఒక నియమం పెట్టారు. సంత సాగుతుండగా ఎవరి పొయ్యి ఆరిపోతే వాళ్ళ చోటు మరొకరికి పోతుంది. ఒకసారి పోయిన చోటు మళ్ళీ రాదు. కాబట్టి సంత నడిచినంతసేపూ మల్‌సున్ కళ్ళు పొయ్యి మీదనే ఉండేవి. ఆ మంట ఆరితే ఇంట్లో అత్తగారి గంజి ఆరినట్టే.

ఒక తెల్లవారుజామున తిరగలి తిప్పుతుండగా ఆమెకు రెప్పపాటు కునుకు పట్టింది. ఆ కునుకులోనే కల వచ్చింది. కలలో రూపం కనిపించలేదు, ముసలి గొంతు ఒకటి వినిపించింది. మొదటి అట్టు అమ్మవద్దు, నీకంటే అలసినవాళ్ళకు పెట్టు, పెట్టి ఏమీ అడగవద్దు అని ఆ గొంతు చెప్పింది. మల్‌సున్ ఉలిక్కిపడి లేచింది. ఆమెకు భక్తి కలగలేదు, ఏడుపు వచ్చింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, దేవుళ్ళు కూడా తనకే పని చెప్పాలా అనుకుంది. అయినా చెప్పిన పని చేయకుండా ఉండడం ఆమెకు చేతకాదు.

ఆ పూట మొదటి అట్టు చేతిలో పట్టుకొని, ఇక్కడ బాగా అలసినవాళ్ళు ఎవరని సంతలో అడిగింది. ఆమె చేసిన పొరపాటు అదే. అట్టు చేతిలో పెట్టుకొని అడిగితే అలసిపోలేదనేవాడు ఎవడు? నోరు గలవాడిదే రాజ్యం కదా. ఉప్పు మోసే దొక్సు అందరినీ తోసుకొని ముందుకు వచ్చి, వదినా, నా కాళ్ళు చూడు, నా వీపు చూడు అంటూ ఊరంతా వినపడేలా మూలిగాడు. అట్టు అతనికే దక్కింది. తిని, మూతి తుడుచుకొని, ఈల వేసుకుంటూ ఉప్పు బస్తాతో కనుమ ఎక్కిపోయాడు.

తరువాతి సంతకు ఒక బండివాడు ఇంకా గట్టిగా మూలిగాడు. అతను అట్టు తింటుండగా మల్‌సున్ బండి వైపు చూసింది. ఎద్దు నోటివెంట నురగ కారుతోంది, దాని కాళ్ళు వణుకుతున్నాయి. అది ఎవరినీ ఏమీ అడగలేదు. ఆమె ఎద్దుకు నీళ్ళు పెట్టి వచ్చి, చాలాసేపు పెనం ముందు ఊరికే నిలబడింది. అలసిపోయానని చెప్పుకునే ఓపిక ఉన్నవాడు ఇంకా అలసిపోలేదన్న సంగతి ఆమెకు అప్పుడు అర్థమైంది. తన అలసట గురించి తానెన్నడూ ఎవరికీ చెప్పుకోలేదన్నది కూడా అప్పుడే గుర్తుకు వచ్చింది.

కోతల పండుగ ముందు జరిగే పెద్ద సంత వచ్చింది. కాలు పెట్టడానికి చోటు లేదు. మల్‌సున్ తెచ్చుకున్న పప్పులో గుప్పెడు రుబ్బి మొదటి అట్టు వేసింది. ఈసారి ఎవరినీ అడగలేదు, వచ్చేపోయే వాళ్ళను చూస్తూ నిలబడింది. అప్పుడు కనుమ వైపు నుంచి ఒక ముసలమ్మ దిగి వచ్చింది. పావడా ముందు భాగం ఒడిలా ఎత్తిపట్టుకొని ఉంది. ఆ ఒడి నిండా రాళ్ళు. ఆ బరువుకు నడుం వంగిపోయింది. దారినపోయేవాళ్ళు పిచ్చిదనుకొని పక్కకు తప్పుకున్నారు. ఆమె ఎవరినీ చేయి చాచి అడగలేదు, ఎక్కడా ఆగి చూడలేదు.

మల్‌సున్ ఎదురెళ్ళి, చేయి పట్టి తీసుకువచ్చి, తన కట్టెల మోపుకు ఆనించి కూర్చోబెట్టింది. అట్టు చేతిలో పెట్టింది. ఎవరివి, ఎక్కడినుంచి, ఈ రాళ్ళెందుకు అని ఏమీ అడగలేదు. ముసలమ్మ సగం అట్టు తిన్నది. మిగతా సగం చేతిలో ఉండగానే తల పక్కనున్న తిరగలి మీద వాలిపోయింది. ఆమె నోట్లో ముద్ద ఇంకా నమలడం పూర్తి కాలేదు.

ఇప్పుడు మల్‌సున్ పరిస్థితి చూడండి. పప్పు రుబ్బాలంటే తిరగలి మీద ముసలమ్మ తల ఉంది. మంట ఎగదోయాలంటే కట్టెల మోపు ముసలమ్మ వీపు కింద ఉంది. పొయ్యిలో కట్టె చివరికి వచ్చింది. అవ్వా అని ఒక్కసారి పిలిస్తే చాలు. పిలవడానికి మల్‌సున్ వంగింది కూడా. ఆ ముడతల ముఖం మీద బరువు కాస్త దిగినట్టు కనిపించింది. ఆమె మళ్ళీ నడుం నిటారు చేసింది. మంట ఎర్రబడింది, నివురు కప్పింది, ఆరిపోయింది.

పొగ ఆగిన చోటు హ్వాంగ్ కంట పడకుండా ఉండదు. వెంటనే వచ్చాడు. ఆయన వెనకే, చోటు కోసం చాలాకాలంగా కాచుకున్న వాళ్ళు కూడా వచ్చారు.

"ఏమ్మా మల్‌సున్, పొయ్యి ఆరింది. ఆ ముసలమ్మను లేపి కట్టె వెయ్యి. నేను చూడలేదనుకుంటాను" అన్నాడు. ఆయన బతుకులో కట్టుబాటును వంచిన మాట అదొక్కటే.

మల్‌సున్ తల అడ్డంగా ఆడించింది.

"నేను లేపలేను పెద్దయ్యా. నన్ను ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు లేపుతూనే ఉన్నారు. అదెట్లా ఉంటుందో నాకు తెలుసు. చోటు కావాలంటే తీసుకోండి."

ఆ మాట అని, ముసలమ్మ పక్కన నేల మీద కూర్చుంది. ఇక చేయడానికి ఏ పనీ లేదు. కాపాడుకోవడానికి మంట కూడా లేదు. భయపడాల్సినదంతా అయిపోయింది. ఆమె తిరగలికి అటువైపు తల ఆనించి, అందరూ చూస్తుండగానే నిద్రపోయింది.

చోటు ఎవరికివ్వాలో చెప్పడానికి హ్వాంగ్ నోరు తెరిచాడు, కాని మాటకు బదులు ఆవులింత వచ్చింది. కాచుకున్న వాళ్ళలో ఒకామె ఆవులించింది. పక్క పొయ్యి మనిషి గరిట పట్టుకునే కూలబడ్డాడు. బండ్ల కింద ఎద్దులు మోకాళ్ళు వంచాయి. దొక్సు ఉప్పు బస్తా దింపి, దాని మీదే తల పెట్టాడు. ఈసారి మూలగలేదు. ఆ నడిమధ్యాహ్నం సంత మొత్తం నిద్రలో మునిగింది. ఒక్క గిన్నె అడుగంటలేదు, ఒక్క వస్తువు పోలేదు. దొంగలు కూడా నిద్రపోయారని పెద్దలు చెబుతారు.

జనం లేచి చూసేసరికి వీధిలో పొగ అన్నది లేదు. పొయ్యిలన్నీ ఆరిపోయి ఉన్నాయి. హ్వాంగ్ తల పట్టుకున్నాడు. కట్టుబాటు ప్రకారం ప్రతివాడి చోటూ మరొకడికి పోవాలి. ఆ మరొకడి చోటు ఇంకొకడికి పోవాలి. వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి, లెక్క తేలక, తిరిగి వచ్చి తిరగలి దగ్గర నిలబడ్డాడు. అక్కడ ముసలమ్మ లేదు. రాళ్ళు కుప్పగా ఉన్నాయి, వాటి మీద సగం అట్టు ఉంది.

ఆ రాళ్ళను చూడగానే అందరికీ తెలిసింది. కనుమ దాటే ప్రతివాడూ కొండ మీది రాళ్ళ గుట్టపై ఒక రాయి వేసి, ఆ దారిని కాచే దేవత కనుమ అవ్వను ఏదో ఒకటి కోరుకునేవాడు. కొడుకు కావాలని ఒకడు, బేరం కుదరాలని ఒకడు, పగవాడు పోవాలని ఒకడు. తరతరాల కోరికలన్నీ ఆ తల్లి నెత్తినే ఉన్నాయి. ఆమెను ఒక్కసారి కూర్చోమన్నవాడు లేడు. దొక్సు తాను వేసిన రాయిని గుర్తుపట్టి, సిగ్గుపడి, దానిని పక్కకు తీసి పెట్టాడు.

 చివరికి హ్వాంగ్, ఇకమీదట ఎవరి పొయ్యి వారిదేనని, నడిమధ్యాహ్నం సంతలో మంట ఉండకూడదని చెప్పాడు. పాత కట్టుబాటును తీసేయడానికీ ఆయనకు మరో కట్టుబాటే కావలసి వచ్చింది.

ఇంత జరుగుతున్నా మల్‌సున్ మాత్రం లేవలేదు. అందరూ ఆమె చుట్టూ చెప్పులు విడిచి, మెల్లగా నడిచారు. ఒకామె అత్తగారికి గంజి కాచి ఇచ్చి వచ్చింది. పొద్దు కొండ వెనక్కు వాలుతుండగా మల్‌సున్ కళ్ళు తెరిచింది. దగ్గు వినపడలేదు. తలుపు చప్పుడు వినపడలేదు. ఎవరూ ఆమె పేరు పిలవలేదు. తనను లేపినవాళ్ళెవరా అని చుట్టూ చూసింది. ఎవరూ లేపలేదని, తానే లేచిందని తెలిసి, ముఖం చేతుల్లో దాచుకొని ఏడ్చింది.

ఆ తిరగలే నేడు అరుగు మొదట్లో ఉన్నది. మల్‌సున్ తరువాత దానిని తిప్పిన చేయి లేదు. నేటికీ సంతలో ప్రతి పొయ్యి మీది మొదటి వంటకాన్ని అమ్మరు. ఏమీ అడగకుండా, అలసట చెప్పుకోకుండా పోయేవాళ్ళ కోసం చూసి, వాళ్ళను పిలిచి పెడతారు. మూలిగితే దొరకదు. ప్రయత్నించిన మనవాళ్ళు ఉన్నారు, వాళ్ళకూ దొరకలేదు. ఇక్కడివారు కనుమ మీద రాయి వేయరు. గుట్ట నుంచి ఒక రాయి దించి తెచ్చి అరుగుకు చేరుస్తారు. అరుగు అలా పెరిగిందే. గుట్ట ఏటేటా కాస్త తగ్గుతోందని చెబుతారు కాని, దూరం నుంచి వచ్చేవాళ్ళం మనం ఇంకా వేస్తూనే ఉన్నాం.

ఈ స్థలాన్ని దర్శిస్తే సంపద కలుగుతుందని గాని, వీసా వస్తుందని గాని, కోర్టు వ్యవహారం తేలుతుందని గాని మేము చెప్పము. అలాంటివన్నీ మోసి మోసే అవ్వ అలసిపోయింది. ఏళ్ళ తరబడి నిద్ర పట్టనివారు ఈ అరుగు మీద అట్టు తిని, తిరగలి వైపు తల పెట్టి కళ్ళు మూసుకుంటే కునుకు పడుతుంది. ఆ ఒక్కటే ఇక్కడి ఫలం. ఈ కథ చదువుతూ చదువుతూ ఎవరైనా నిద్రలోకి జారితే, పక్కనున్నవారు పుస్తకం మెల్లగా తీసి పక్కన పెట్టాలి. వారిని లేపకూడదు.