తన చేత్తోనే తాళం తీసిన మంత్రి

పుస్తకాల గొడవ నాకెందుకులే అని కబుర్లాడుకుంటూ కూర్చున్నవాడా, సిగ్గుపడు. నువ్వు పట్టించుకోకపోబట్టే చావడులకు తాళాలు పడేది. విను.

మందారగిరి కోట వాకిట్లో పుస్తకాల చావడి ఉండేది. ఊరి కట్టుబాట్లన్నీ తాటాకుల మీద రాసి అక్కడ ఉంచేవారు. సంతరోజున ఎవరొచ్చి అడిగినా చదివి వినిపించాలి. అది ముత్తాతల నాటి ఆచారం.

ఒక ఉదయం సభలో, ఆ కోటనేలే గంగరాజుకు ఉన్నట్టుండి ఒక బుద్ధి పుట్టింది.

"చావడికి తాళం వేయించాను. మంత్రి ఉద్దండయ్యకు కట్టుబాట్లన్నీ కంఠతా వచ్చట. ఇక జనం ఆయన్నే అడుగుతారు," అని తాళంచెవి మంత్రికిచ్చాడు.

రాజుకు తాంబూలం అందించే సింగన మంత్రి వంక అనుమానంగా చూశాడు. కుమ్మరుల మట్టిగుంటలో తోట వేద్దామని మంత్రి నిన్ననే కంచె పాతించాడు. ఆ గుంట పోతే కుమ్మరివాడలో పొయ్యి వెలగదు. "సంతనాడు చావడిలో చదివించుకుంటాను" అని కుమ్మరి ఎర్రక్క అన్నదో లేదో, చావడికి తాళం పడింది!

మంత్రి పాగాలోని నెమలిపింఛం ఊపుతూ నవ్వాడు. "ఏం సింగనా, సందేహమా?"

"లేదండీ. తమరు మట్టి తొక్కాలే అని బాధ."

"నేనా? మట్టా?"

"పాగాలో పింఛంతో సభకొచ్చినవాడు కుమ్మరులకు మట్టి తొక్కాలని కట్టుబాటుంది కదండీ!"

"పచ్చి అబద్ధం! అలాంటిది లేదు!"

"ఉందని నేనంటున్నా, లేదని తమరంటున్నారు. ప్రభువులు ఎవర్ని నమ్మాలి?"

"నీ మొహం! ఇదిగో తాళంచెవి! పుస్తకం తెచ్చి అందరి ముందూ చదవండి!" మంత్రి పరుగున వెళ్లి తనే తాళం తీసి తాటాకుల పుస్తకం సభకు తెచ్చాడు.

సింగన చేతులు కట్టుకున్నాడు.

"పుస్తకం చూడందే మంత్రిగారికే న్యాయం దొరకడం లేదు. మరి కుమ్మరి ఎర్రక్క ఏం పాపం చేసింది ప్రభూ?"

సభ గొల్లుమంది. రాజు ఎర్రక్క సంగతి అడిగాడు. సింగన కంచె మాట చెప్పాడు.

చావడిలో చదివి వినిపించేవాడు వచ్చి ఆకులు తిప్పాడు. పుస్తకంలో పింఛం ఊసే లేదు. మంత్రి మీసం తిప్పాడు. చదివేవాడు ఇంకో ఆకు తిప్పాడు.

"కుమ్మరుల మట్టిగుంటను కాజేయబోయినవాడు, ఎంతటివాడైనా, వానాకాలమంతా వాళ్లకు మట్టి తొక్కాలి."

"ఈ ముక్క కంఠతా రాలేదా మంత్రీ?" అని రాజు పగలబడి నవ్వాడు. తన ముత్యాలహారం తీసి సింగన మెడలో వేశాడు. "చావడికి ఇక తాళం పడకూడదు. నన్ను నిలదీయాలన్నా జనం అక్కడికే రానీ."

ఆ వానాకాలమంతా ఉద్దండయ్య మోకాలి లోతు మట్టిలో దిగి తొక్కాడు. గట్టు మీంచి ఎర్రక్క, "ఇంకాస్త గట్టిగా, అయ్యగారూ! కుండ పగిలితే మీ పేరే చెప్తాం!" అనేది.