ఎర్రరాళ్ల మాత

స్పెయిన్ దేశపు ఉత్తరాన, నది మలుపు తిరిగే చోట, ఆల్బారోసా అనే చిన్న ఊరి పైన ద్రాక్షతోటల మధ్య ఎర్రరాళ్ల మాత గుడి ఉంది. పదిమంది నిలబడితే నిండిపోయే గుడి అది. లోపల మోకాలెత్తు రాతి మరియమాత, ఆమె పక్కన ఓక్ కొయ్యతో కట్టిన ఒక పీపా ఉంటాయి. మాత పాదాల చుట్టూ గుట్టగా ఉన్న గులకరాళ్లు మాగిన ద్రాక్షతొక్క రంగులో కనిపిస్తాయి. వాటికి ఎవరూ రంగు వేయలేదు. కొత్తగా వచ్చిన యాత్రికులు ముందుగా అడిగేది వాటి గురించే.

పూర్వం ఇక్కడ గుడి లేదు. తోట మూలన ఎండకూ వానకూ నిలిచిన ఈ విగ్రహం మాత్రమే ఉండేది. ఆ తోట హినెస్, కసిల్డా అనే దంపతులది. ఒక శరదృతువులో హినెస్ ద్రాక్ష కోసి, తొక్కి, పులియబెట్టి, ఆ రసాన్ని ఒకే ఒక్క పీపాలో పోసి బిరడా బిగించాడు. మూడేళ్లు ఓక్ కొయ్యలో మాగితే గాని దాని వగరు తగ్గదని భార్యకు చెప్పాడు. క్రిస్మస్ రాకముందే జ్వరంతో కన్నుమూశాడు.

కసిల్డా ఆ బిరడా మీద మైనం కరిగించి పోసింది. భర్త చేతులు చివరిసారిగా చేసినది అందులో ఉంది. దాన్ని ఎవరూ తాకకూడదని ఆమె పట్టుదల. తీగలు కత్తిరించే కాలం దాటిపోతున్నా తోటవైపు అడుగు పెట్టలేదు. పగలంతా పీపాకు వీపు ఆనించి కూర్చునేది.

హినెస్ తమ్ముడు ఫెర్మీన్ పీపాలు కట్టే పనివాడు. ఒకనాడు వచ్చి వేలి కణుపుతో పీపా పైభాగాన్ని తట్టాడు.

“పైన గుల్లగా మోగుతోంది, వదినా. ఓక్ కొయ్య ఊరుకోదు, తాగుతుంది. అది తాగినంత మనం నింపకపోతే ఆ ఖాళీలో గాలి చేరుతుంది. వేసవికల్లా అన్నయ్య రసం వినెగర్ అవుతుంది.”

“నింపడానికి ఆయన చేసినది ఇంకెక్కడుంది?”

“నా పీపాలోది పోస్తాను.”

“నీ రసమా? మీ అన్నయ్య దాంతో చేతులు కూడా కడుక్కునేవాడు కాదు.”

ఫెర్మీన్ నొచ్చుకోలేదు. అన్న పోయాక వదిన నోట ఎకసెక్కెం వినడం అతనికి అదే మొదటిసారి.

ఆ మధ్యాహ్నం కసిల్డా పీపాకు ఆనుకొని కునుకు తీసింది. కలలో ఒక స్త్రీ ఎదుట నిలిచింది. ఆమె వస్త్రపు అంచు తడిసి ఉంది. ఒడి నిండా నదిలోని గులకరాళ్లు ఉన్నాయి.

“పీపాకు దాహంగా ఉందమ్మా” అన్నది ఆమె.

“పోయడానికి ఆయన చేతిది లేదు, తల్లీ.”

“ఆయన చేతిది అడగలేదు. నీ చేతిది పోయాలి. నీ పంట వచ్చేదాకా ఆ ఖాళీని రాళ్లు కాపాడతాయి.”

వాన లేని ఆ రోజున తోట మూలనున్న విగ్రహపు వస్త్రం అంచు తడిగా కనిపించిందని పెద్దలు చెబుతారు.

రాళ్లు వేస్తే రసం బిరడా దాకా లేస్తుంది, గాలికి చోటుండదు. ఆ సంగతి కసిల్డాకు అర్థమైంది. అయినా ఆమె నదికి పోలేదు. హినెస్ సమాధి మీది తెల్లరాళ్లను దోసిట తెచ్చుకుంది. ఆయన దగ్గరివే ఆయన రసంలో ఉండాలనుకుంది. మైనం గీకి, బిరడా తీసి, మొదటి రాయి వేయబోతుండగా ఫెర్మీన్ ఆమె చేయి పట్టుకున్నాడు. ఆ రాయి మీద ఒక చుక్క వినెగర్ వేశాడు. బుసబుసమని నురగ లేచింది.

“సున్నపురాయి, వదినా. రసంలోని పులుపును తినేస్తుంది. మిగిలేది చప్పిడి నీళ్లే.”

“మరి వీటినేం చేయను?”

“తీగకు సున్నం ఇష్టం. దాని మొదట్లో పాతిపెట్టు.”

అలా ఆమె తోటలోకి వెళ్లింది. మోకరించి తీగ మొదట్లో రాళ్లు పాతుతుంటే కళ్లముందు మొగ్గలు ఉబ్బి కనిపించాయి. హినెస్ ఎప్పుడూ కొమ్మకు రెండు కన్నులు, అంటే రెండు మొగ్గలు, ఉంచి మిగతాది కోసేవాడు. ఆమె ఇంటికి వెళ్లి కత్తి తెచ్చింది. మొదటి తీగను రెండు కన్నుల దగ్గర కోసింది. చీకటి పడేలోగా ఒక వరుస పూర్తయింది.

మరునాడు నది నుంచి బూడిదరంగు గులకరాళ్లు తెచ్చి, ఒక్కొక్కదాన్నీ వినెగర్‌తో పరీక్షించి, కడిగి, కాచి, పీపాలో వేసింది. బొటనవేలంతటి రాళ్లు నాలుగు వందలకు పైగా పట్టాయి. శరదృతువులో తానే కోసి, తొక్కి, పులియబెట్టింది. నవంబరు మొదట్లో వచ్చే మృతుల స్మరణ దినాన ఫెర్మీన్ పాత రసాన్ని వేరే పాత్రల్లోకి దించి, పీపా మూత విప్పి, రాళ్లు బయటకు తీశాడు. రసం తిరిగి పోశాక తగ్గిన మేరకు కసిల్డా తన కొత్త రసం నింపింది. ఎర్రబారిన రాళ్లను పారేయడానికి మనసొప్పక మాత పాదాల దగ్గర ఉంచింది.

మూడేళ్లు నిండిన రోజున ఇద్దరూ రుచి చూశారు. లవంగాల వాసన, ఎండిన పండ్ల తీపి, చివర కొంచెం కొయ్య వగరు తగిలాయి.

“ఇందులో అన్నయ్యది ఏది, నీది ఏది, వదినా?”

“ఇంకో గుక్క తాగి చెబుతాను” అన్నది కసిల్డా. ఆ మాట ఆమె చివరిదాకా చెప్పలేదు.

తరువాత ఊరివారు ఆ విగ్రహం చుట్టూ గుడి కట్టి, పీపాను మాత పక్కన చేర్చారు. ఆత్మీయులను పోగొట్టుకున్నవారు నేటికీ ఒక్కొక్క రాయి తెస్తారు. గుడి సంరక్షకుడు దానిపై వినెగర్ చుక్క వేస్తాడు. నురగ రాకపోతే రాయి పీపాలోకి వెళుతుంది. మృతుల స్మరణ దినాన దాన్ని తీసి మాత పాదాల దగ్గర ఉంచుతారు, దాని చోటును కొత్త రసం నింపుతుంది. ఆనాడు తెచ్చినవారందరికీ తలా ఒక గుక్క ఇస్తారు. సమాధుల నుంచి తెచ్చిన తెల్లరాళ్లు తరచుగా నురగలు కక్కుతాయి. అప్పుడు సంరక్షకుడు వారిని తోటలోకి తీసుకువెళ్లి ఒక తీగ చూపిస్తాడు. తెచ్చినవారు మోకరించి, తమ చేతులతోనే దాని మొదట్లో రాయి పాతి వస్తారు. ఈ సన్నిధి నుంచి ఇంతవరకు ఎవరూ తమ రాయిని వెనక్కి మోసుకుపోలేదు.